మూగవాడి చేతిలో చేపల రొట్టె

పాఠకులు ముందుగా ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కథ మొదలెట్టిన నాటి నుంచి ఈ వారం దాకా ఇందులో ఒక్క అబద్ధం దొర్లలేదు. ఇక ముందూ దొర్లబోదు. మా పోహ్యన్మా సీమ వాళ్ళకి అబద్ధమాడడం చేతకాదు. దేవుడు ఆ విద్యంతా మూటగట్టి తూర్పున సావో సీమకి పంపేశాడు. సావో మనిషిని "వాన పడుతోందా?" అని అడిగి చూడండి. "పడుతున్నట్టే ఉంది గానీ, ఆగిపోయిందన్నా నేను కాదనను" అంటాడు. సావో వాడు నోరు తెరిస్తే పూచీ వినేవాడిదే అని మా వైపు సామెత.

మన తావెత్తి సరిగ్గా అలాంటి సావో కుర్రాడే. చిక్కంతా అక్కడే ఉంది.

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో చెబుతాను. ఐరోపా అంతా యుద్ధంలో తగలబడుతున్న రోజులు. మన దేశం ఇంకా రష్యా చక్రవర్తి బూటు కింద ఉంది. కుర్రాళ్ళు ఒకరొకరుగా ఇళ్ళు వదిలి, గడ్డకట్టిన సముద్రం మీద నడిచి స్వీడన్ చేరి, అక్కణ్ణుంచి జర్మనీ పోయి తుపాకీ పట్టడం నేర్చుకుంటున్నారు. ఏదో ఒకనాడు తిరిగొచ్చి ఈ నేలని మనది చెయ్యాలని. కైతాయోకి ఏటి ఒడ్డున సెరాఫీనా ఇల్లు ఆ దారిలో ఒక మజిలీ. గడ్డిమోపుల కింద దాక్కుని మంచుబండిలో వచ్చిన తావెత్తి, సముద్రం మీదికి తీసుకుపోయే మనిషి కోసం అక్కడ ఎదురుచూస్తున్నాడు. వాడు పెదవి కదిపితే సావో యాస ఏటి అవతలికి కూడా వినబడుతుందని, సెరాఫీనా వాణ్ణి మూగవాణ్ణి చేసింది. జ్వరంలో మాట పడిపోయిన పాలేరు అని ఊరంతా చాటింది. పోయిన చలికాలం ఆమె కన్నకొడుకు అర్వీ కూడా ఇదే మంచు మీద వెళ్ళాడు. ఇంతవరకు కబురు లేదు. ఈ దారి బయటపడితే తావెత్తి రష్యా జైలుకి, సెరాఫీనా సైబీరియాకి, అర్వీ తిరిగి రావడానికి గడపే లేకుండా పోతుంది.

ఇంతలో వాకిట్లో మంచుబండి గంటలు మోగాయి.

*

ఆ ఏడు చలి ఎంతటిదంటే, ఆవు పొదుగు కింద కూర్చుంటే చెంబులోకి పాలు కాదు, తెల్లటి పుల్లలు రాలేవి. వాటిని మోపు కట్టి వంటింట్లోకి మోసుకొచ్చేవాళ్ళం. నిజం. అలాంటి చలిలో పనిలేకుండా ఎవడూ బండి కట్టడు. సెరాఫీనా కిటికీ మీది మంచుని గోటితో గీకి చూసింది. ఇద్దరు దిగుతున్నారు. ఒకడు రష్యా కెప్టెన్, నక్క తోలు కాలరు కోటు. రెండోవాడు మన దేశపోడే, పేరు వెండెలిన్. కెప్టెన్‌కి దుబాసీ, పోలీసు. చక్రవర్తి జీతం తింటున్నవాడని ఊళ్ళో ఎవరూ వాడికి టోపీ తియ్యరు.

"మామయ్యా," అంది సెరాఫీనా వెనక్కి తిరగకుండానే, "ఆవిరి స్నానాల గదిలోకి పోయి కూర్చో."

ఇసాక్కి ముసలాయన ఊగుడు కుర్చీలో కదల్లేదు. "నా ఇంట్లో నా కుర్చీ వదిలి నేనెందుకు పోవాలి?"

"వాళ్ళు నిన్ను అడుగుతారు."

"అడిగితే చెబుతాను. మా తాతల నాటి నుంచి ఈ కప్పు కింద అబద్ధం పలకలేదు. ఈ సావో గాలి మాటల వాడి కోసం ఇప్పుడు మొదలెట్టమంటావా?"

పొయ్యి పక్కన కట్టెలు పేరుస్తున్న తావెత్తి చేతులు ఆగిపోయాయి. ఏదో అనబోయి సెరాఫీనా చూపు తగలగానే నోరు మూసుకున్నాడు. పాపం, మాట్లాడకుండా ఉండడమంటే సావో వాడికి ఊపిరి బిగబట్టడమే. మొహం కందగడ్డలా అయిపోయింది.

తలుపు తెరుచుకుంది. చలి పొగలా నేల మీద పాకుతూ ముందు వచ్చింది, దాని వెనక మనుషులు వచ్చారు.

వెండెలిన్ బూట్ల మంచు దులుపుకుని, చంకలోని మూటని పెద్దపొయ్యి అరుగు మీద వెచ్చగా ఉండే చోట పెట్టాడు. ఉన్ని గుడ్డ చుట్టిన గుండ్రటి మూట. తలకాయంత ఉంది. సెరాఫీనా కళ్ళు దాని మీదే నిలిచాయి. బాంబా? సంకెళ్ళా? చలి పట్టకూడని వస్తువు ఏమై ఉంటుంది?

"దేవుడి దయ, అమ్మగారూ," అన్నాడు వెండెలిన్. యాస పట్నపుది, నున్నగా ఉంది, ఏ సీమ వాడో పట్టుకోవడానికి పీచు దొరకలేదు. "కెప్టెన్ గారికి కాఫీ కావాలి. ఆ తరవాత నాలుగు మాటలు కావాలి."

"కాఫీ అంటే వేయించిన రై ధాన్యమే. అసలుది యుద్ధం తాగేసింది. మాటలు కూడా అలాంటివే ఉంటాయి."

వెండెలిన్ దాన్ని రష్యన్‌లోకి మార్చి చెప్పాడు. కెప్టెన్ నవ్వలేదు. బల్ల ముందు కూర్చుని, పైకి చూశాడు. దూలాల కింద కర్రలకి గుచ్చిన రొట్టెలు వరసగా వేలాడుతున్నాయి. మధ్యలో కన్నమున్న పల్చటి రొట్టెలు. శరదృతువులో ఒకసారి కాలిస్తే వసంతం దాకా వస్తాయి. అప్పటికి గుర్రపు డెక్క కన్నా గట్టిపడతాయి.

"సముద్రం వైపు కుర్రాళ్ళు పోతున్నారట," అన్నాడు వెండెలిన్, కెప్టెన్ మాటని తిప్పి చెబుతూ. "ఈ ఏటి గట్టు మీదుగానే. ఈ ఇంట్లో మగవాళ్ళెంతమంది?"

"మామగారు. ఈ పాలేరు."

"మీ కొడుకు?"

"పని వెతుక్కుంటూ దక్షిణాదికి పోయాడు." ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో, ఇప్పుడది ఆమె నాలుకకి అలవాటైన దారి.

కెప్టెన్ వేలు తావెత్తి వైపు తిరిగింది. వెండెలిన్ వాణ్ణి వదిలేసి, ఊగుడు కుర్చీ ముందుకి పోయి నిలబడ్డాడు. "తాతగారూ, పోహ్యన్మా పెద్దమనుషులు అబద్ధం ఆడరంటారు. అందుకే మిమ్మల్నే అడగమన్నారు కెప్టెన్ గారు. వీడు మీ పాలేరేనా?"

కుర్చీ ఆగింది. సెరాఫీనా కాఫీ పాత్రని చెక్కపిడి పట్టుకుని పొయ్యి మీంచి దింపింది.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "పొద్దున లేస్తే కట్టెలు కొడతాడు. సన్నగా కొట్టావని నేను తిడతాను. రేపు లావుగా కొడతాడు, మళ్ళీ తిడతాను. తిట్లు తింటూ కట్టెలు కొట్టేవాణ్ణి మీ పట్నంలో ఏమంటారో నాకు తెలీదు. అల్లుడంటారా?"

తావెత్తి చప్పున పొయ్యిలోకి తల దూర్చి ఊదడం మొదలెట్టాడు. బూడిద రేగింది. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో దేవుడికే ఎరుక. అయితే సెరాఫీనా విన్నది స్పష్టంగా విన్నది. మామయ్య అవునననూ లేదు, కాదననూ లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ పెద్దమనిషి నోట్లోంచి వంకర జవాబు రావడం అదే మొదటిసారి.

వెండెలిన్ కూడా విన్నాడు. మీసం చివర కొంచెం కదిలింది. "తాతగారు తప్పిపోయి ఇక్కడ పుట్టినట్టున్నారు. సావోలో పుట్టవలసిన మనిషి."

ఆ మాట సెరాఫీనా వీపు మీద మంచుముక్కలా జారింది. సావో ఊసు వీడికెందుకు?

కెప్టెన్ లేచాడు. కుడిచేతి తొడుగు తీసి బెంచీ మీద పడేసి, సెరాఫీనా చేతిలోంచి పాత్ర లాక్కున్నాడు. పొయ్యి మీంచి అప్పుడే దింపిన ఇనప పాత్ర. తావెత్తి ఎడమచెయ్యి పట్టి లాగి, అరచెయ్యి వెల్లకిలా చేసి, దాని మీద పాత్ర ఆనించాడు. మెల్లిగా. ఎంత మెల్లిగా అంటే, బల్ల మీద పెడుతున్నట్టే.

గదిలో చర్మం కాలిన వాసన. తావెత్తి గొంతులోంచి దూడ అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. మాట మాత్రం రాలేదు. కళ్ళలో నీళ్ళు, పెదవి మీద రక్తం. సెరాఫీనా గౌను మడతల్లో గోళ్ళు గుచ్చుకుని నిలబడింది. అర్వీని కూడా ఏదో ఒక గదిలో ఎవడో ఒకడు ఇలాగే పట్టుకుని ఉంటే, ఏ తల్లి చూస్తూ ఊరుకుందో అనుకుంది.

కెప్టెన్ పాత్ర తీసి బల్ల మీద పెట్టాడు. పెదవి విరిచి ఏదో అన్నాడు.

"మూగవాడే అంటున్నారు," అన్నాడు వెండెలిన్. "మంచిది. ఇక తిండి తిందాం. అమ్మగారూ, మీ రొట్టెలకి నా పళ్ళు చాలవు, ఏమనుకోకండి. నా దగ్గరొకటుంది." అరుగు మీది ఉన్ని మూట తెచ్చి విప్పాడు. లోపల గుండ్రంగా, ఎత్తుగా, నల్లగా నిగనిగలాడే రై రొట్టె. బాంబూ కాదు, సంకెళ్ళూ కాదు. సెరాఫీనా గుండెల్లోంచి బరువు దిగిపోయింది.

దిగకూడని చోట దిగింది ఆ బరువు.

"ఒరేయ్ అబ్బాయ్, నీ కుడిచెయ్యి బాగానే ఉందిగా," అన్నాడు వెండెలిన్, మొలలో కత్తి తీసి పిడివైపు అందిస్తూ. "ఈ రొట్టె కోసి తలా ఒక ముక్క పెట్టు. నువ్వూ తిను. ఆకలి మీదున్నావు."

తావెత్తి రొట్టెని మోచేతితో గుండెకి అదిమి పట్టాడు. వాసన తగిలింది కాబోలు, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. సొంత ఊరు వదిలి ఎంత దూరం వచ్చాడో, ఎన్నిసార్లు గడ్డి కింద ఊపిరి బిగబట్టాడో, ఆ వాసన ముందు అన్నీ కొట్టుకుపోయాయి. కత్తి మొన పైన గుచ్చాడు. నిలువునా కొయ్యలేదు. మొన లోతుగా దించకుండా, అంచుకి రవ్వంత లోపలగా చుట్టూ తిప్పి, డబ్బా మూత తీసినట్టు పైచిప్ప లేపి పక్కన పెట్టాడు.

లోపలినుంచి ఆవిరి లేచింది. పందికొవ్వులో మగ్గిన చిట్టి చిట్టి చేపలు, తలలూ తోకలూ ఒకదాన్నొకటి ఆనుకుని, గూట్లో పిల్లల్లా పడుకుని ఉన్నాయి.

"అయ్యో దేవుడా... రొట్టెలో చేపలా!" సెరాఫీనా నోరు వెళ్ళబెట్టింది. యాభై ఏళ్ళొచ్చినా అలాంటిది ఆమె చూడలేదు, వినలేదు. ఇసాక్కి ముసలాయన కూడా కుర్చీలోంచి మెడ సాచాడు. "ఎవడు పెట్టాడు వాటిని లోపల?"

ఆ మాట అన్నాకే సెరాఫీనాకి అర్థమైంది. తను ఉలిక్కిపడింది. మామయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ రొట్టె చూస్తే ఏ పోహ్యన్మా వాడైనా మామూలు రొట్టే అనుకుని నిలువునా కోసి, బల్లంతా కొవ్వు కార్చి, చేపలు నేల మీద పడితే కెవ్వుమనేవాడు.

తావెత్తి ఉలిక్కిపడలేదు.

వాడి చేతిలో కత్తి గాల్లోనే ఆగింది. వాడికీ తెలిసింది. కాల్చినప్పుడు నోరు జారలేదు, ఆకలి ముందు చెయ్యి జారింది. సావోలో ప్రతి పిల్లవాడూ అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకునే పనిని చెయ్యి ఎలా మర్చిపోతుంది?

వెండెలిన్ ఆ మూత వైపే చూస్తున్నాడు. గుండ్రంగా, ఎక్కడా చిట్లకుండా ఉంది మూత.

కెప్టెన్ ఏదో అడిగాడు. వెండెలిన్ రష్యన్‌లో జవాబు మొదలెట్టాడు. పొడుగాటి జవాబు. మధ్యలో తావెత్తి వైపు చూపించాడు, తన ముక్కు వైపు చూపించాడు, పొయ్యి అరుగు వైపు చూపించాడు. సెరాఫీనాకి ఆ భాషలో ఒక్క ముక్క తెలీదు. ఆమె కెప్టెన్ మొహాన్నే చదువుకుంటోంది. ఆ మొహం ముడుచుకుంది, విప్పుకుంది, మళ్ళీ ముడుచుకుంది. చెయ్యి మొలలోని పిస్తోలు దాకా పోయింది.

పోయి, దాన్ని దాటి, బల్ల మీదికి వచ్చింది. కెప్టెన్ పకపకా నవ్వాడు. వేళ్ళతో చేప తీసి నోట్లో వేసుకున్నాడు.

"నేనేమన్నానో తెలుసుకోవాలనుందా, అమ్మగారూ?" వెండెలిన్ తల ఎత్తకుండానే మన భాషలో అన్నాడు, మూత మీద వెన్న రాస్తూ. "మూటని పొయ్యి మీద పెట్టినప్పుడే మీ మూగ పిల్లి మూతి పెట్టి వాసన చూసింది, లోపల చేపలున్న సంగతి కనిపెట్టేసింది అన్నాను. కెప్టెన్ గారికి దొంగపిల్లి కథలంటే సరదా."

సెరాఫీనా కెప్టెన్ కప్పులో కాఫీ పోసింది.

వెండెలిన్ మూతని రెండు ముక్కలు చేసి, ఒకటి తావెత్తి చేతిలో పెట్టాడు. కాలిన చేతిలో కాదు, రెండో చేతిలో. "మా అమ్మ కూడా మూత ముందు తీసి, వెన్న రాసి, చిన్నవాడికి పెట్టేది," అన్నాడు మెల్లిగా. ఇప్పుడా గొంతులో పట్నపు నునుపు లేదు. మాట వంపులు తిరిగింది, సాగింది. తూర్పు సరస్సుల నీళ్ళు కదిలినట్టుంది. "పెట్టలేదన్నా నేను కాదనను. చాలా కాలమైంది."

సావో వాడు! చక్రవర్తి పోలీసు సావో వాడు!

కెప్టెన్ చేపలన్నీ ఊడ్చేసి లేచాడు. వెండెలిన్ కోటు గుండీలు పెట్టుకుంటూ, కిటికీ వంక చూస్తూ, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు మొదలెట్టాడు. "చేపలు పట్టడానికి సముద్రం మీదికి పోయేవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే ఉంటారు, లేకపోతే లేరు. ఉత్తరపు దీవి దగ్గర మంచు గట్టిదే అంటారు. గట్టి మంచు మీద అందరి కాళ్ళూ నిలుస్తాయి, గుర్రాలవి కూడా. దక్షిణపు రాళ్ళ దగ్గర మంచు అంత మంచిది కాదు. మంచిది కానిచోటికి గుర్రాలు పోవు. నేను చేపల గురించే అంటున్నాను సుమా."

పూచీ వినేవాడిదే. ఈ మాట సలహానా, వలా? ఉత్తరాన గుర్రాల గస్తీ ఉందని చెబుతున్నాడా, లేక కుర్రాణ్ణి పల్చటి మంచు మీదికి తోసి చేతికి మట్టంటకుండా పని ముగించుకుంటున్నాడా? సెరాఫీనా అతని కళ్ళలోకి చూసింది. ఏమీ దొరకలేదు. రొట్టె పైచిప్పలాగే ఉంది ఆ మొహం, లోపలేముందో పైకి తెలీదు.

"చేపలకి చెబుతాను," అంది.

వాళ్ళు బయటికి నడిచారు. తలుపు మూసుకుంది.

తరవాత ఇసాక్కి ముసలాయన దగ్గాడు. "నేను అబద్ధమైతే ఆడలేదు," అన్నాడు ఎవరూ అడక్కుండానే. "అది అందరూ గుర్తుంచుకోండి."

అంతే. ఇన్నాళ్ళు కట్టిన గట్టు తెగింది.

"ఆడలేదన్నవాడి మాట నమ్మాల్సిందే తాతగారూ," అన్నాడు తావెత్తి, నోట్లో మూత ముక్క కుక్కుకునే, "ఆడారన్నవాడు కనబడితే వాడి మాటా కొట్టిపారెయ్యను. కానీ అల్లుడంటారా అని అడిగారే, ఆ ముక్క మా ఊళ్ళో పడి ఉంటే దానికి పొలం రాసిచ్చేవాళ్ళు! చెయ్యి మండుతోందా అంటే మండుతోంది, మండట్లేదా అంటే ఈ రొట్టె తింటున్నంతసేపూ..."

"నోర్ముయ్యరా వెధవా!" అన్నాడు ముసలాయన, మీసాల చాటున నవ్వుకుంటూ.

సెరాఫీనా కూడా నవ్వింది. అర్వీ ఇల్లు వదిలి వెళ్ళాక ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. వాడి కాలిన చేతికి కట్టు కట్టడానికి గుడ్డపీలిక కోసం వంగింది. వంగినప్పుడు మడమలకి చల్లగా ఏదో తగిలింది. నేల మీద చలి, తెల్లగా, పొగలా పాకుతోంది.

ఆమె చూపు బెంచీ మీద పడింది. అక్కడ తోలు తొడుగు ఒకటి ఉంది. కుడిచేతిది.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. మొదట్లో గొప్పలు పోయాను గదా, ఇందులో అబద్ధం దొర్లదని. దొర్లింది. ఒక్కటే దొర్లింది. ఆవుల సంగతి నిజం. ముసలాయన జవాబు నిజం. మూత నిజం, వెండెలిన్ మాటలు అన్నవి అన్నట్టే రాశాను. తలుపు మూసుకుందని రాశానే, అదొక్కటీ నేను కల్పించింది. పాపం కుర్రాడు ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నాడు, మీరూ ఇంతసేపు ఊపిరి బిగబట్టారు, కాస్త వెసులుబాటు ఇద్దామనిపించింది.

ఆ తలుపు మూసుకోలేదు. గడప మీద కెప్టెన్ నిలబడి ఉన్నాడు. ఒక చేతికి తొడుగుంది, ఒక చేతికి లేదు.